పోలేరమ్మ గడ్డం పట్టుకున్న సుబ్బయ్య

ఫిజీ దీవుల్లో లంబాసా మిల్లుకి చెరుకు నరికే మా కూలీల లైన్లలో వాణ్ణి అందరూ కుమ్మరి సుబ్బయ్య అనేవాళ్ళు. వాడు కుమ్మరి కాదు. ఆ సంగతి అప్పట్లో మాకెవ్వరికీ తెలీదు గానీ, మీకు మాత్రం ముందే చెప్పేస్తున్నా. లేకపోతే మేం నవ్విన చోట మీరు నవ్వలేరు.

వాడు మంగలి. నెల్లూరు అవతల ఏదో పల్లె. ఆ పల్లెలో మంగలి ఇంట్లో పుట్టినోడికి ఇంకో బతుకు లేదు గదా. తెల్లారగానే కత్తుల పొది చంకన పెట్టుకుని రైతుల అరుగుల కింద కూచోవాల, గడ్డాలు గియ్యాల. పెళ్ళైతే సన్నాయి ఊదాల. ఎవరన్నా పోతే చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి కబురు చెప్పాల. కూలి కింద కళ్ళాల్లో గింజలు విదిలించేటప్పుడు రైతులు నాలుగు తిట్లు కూడా కలిపి విదిలిస్తారు. ఒకసారి మాటల్లో నాతో అన్నాడు. "గంగక్కా, ఆ ఊరి మొగోళ్ళ మొహాలు నేను చూసినంత దగ్గిరగా వాళ్ళ పెళ్ళాలు కూడా చూసుండరు. నా మొహం మాత్రం ఒక్కడన్నా చూళ్ళేదు."

ఒకరోజు ఒక పెద్దరైతు గడ్డం గీస్తా ఉంటే ఆయన తుమ్మాడంట. తుమ్మింది ఆయన, తెగింది ఆయన చెంప, తన్నులు మాత్రం మావోడికి. సుబ్బయ్య పొది ఆ అరుగు కిందే వదిలేసి, సగం గీసిన గడ్డాన్ని సగంలోనే వదిలేసి, నడుచుకుంటా పోయి మద్రాసులో తేలాడు. అక్కణ్ణుంచి ఫిజీ ఓడ. అయిదేళ్ళు కూలి చేస్తానని వేలిముద్ర వేసి ఎక్కడమే. ఆ ఒప్పందాన్నే మేం గిర్మిట్ అనేవాళ్ళం.

ఓడలో అందరికీ ఒకటే గంగాళం, ఒకటే గరిట. ఎవరి పక్కన ఎవరు కూచున్నా అడిగే దిక్కు లేదు. కానీ మాలో నారప్ప అని పెద్దమనిషి ఉండాడే, ఆయన ప్రాణం ఊరుకోదు. గంగాళం ముందు కూచున్న ప్రతివాణ్ణీ నువ్వెవరు, మీరేమిట్లు అని అడగతా పోయాడు. కడుపులోకి పోయేది ఒకటే అయినా పక్కన కూచున్నది ఎవరో తెలిస్తే అన్నం సరిగ్గా అరుగుతుందని ఆయన లెక్క.

ప్రశ్న సుబ్బయ్య దాకా వచ్చేసరికి వాడు గబగబా ఆలోచించుకున్నాడంట. పెద్దకులం పేరు చెప్తే శ్లోకం చదవమంటారు. చిన్నకులం చెప్తే అవతలికి జరగమంటారు. ఉన్నది ఉన్నట్టు చెప్తే రేపు పొద్దునకల్లా ఓడలో ఉన్న గడ్డాలన్నీ వరస కడతాయి. మధ్యలో ఏది ఉంది? కుమ్మరి ఉంది. ఓడలో మట్టి లేదు, సారె లేదు, ఎవరూ పరీక్ష పెట్టలేరు. నేను కుమ్మరోణ్ణి మామా అనేశాడు. వాడి తెలివికి వంక పెట్టేదానికి లేదు. ఒక్కటే మర్చిపోయాడు. ఓడ ఎప్పటికైనా ఒడ్డుకి చేరతాది, ఒడ్డు అంటే అంతా మట్టే.

అయినా కొన్నాళ్ళు బతికిపోయాడు. ఫిజీలో మాకిచ్చినవన్నీ ఇనప గిన్నెలు. కుండ కావాలని ఎవరన్నా అడిగితే, ఇది ఉప్పు తిన్న మట్టి, సారెకి లొంగదు అనేవాడు. సారె ఎట్టుంటాదో కూడా సరిగ్గా తెలీని మేం నిజమే అనుకునేవాళ్ళం. లైన్లలో మొగోళ్ళందరూ ఎలుగుబంట్ల మాదిరి గడ్డాలు పెంచుకుని తిరగతా ఉంటే వాడొక్కడి చెంపలు మాత్రం గుడ్డు పెంకు మాదిరి నున్నగా మెరిసేవి. అది చూసి కూడా మాకు అనుమానం రాలేదు. పాపం, వాడికి గడ్డం మొలవదని జాలిపడ్డాం; చీకట్లో చెరుకు కత్తితోనే గీసుకునేవాడని తర్వాత తెలిసింది.

ఇప్పుడు పార్బతి సంగతి చెప్పాల. ఇంట్లో పెట్టిన పేరు పార్వతమ్మ. లైన్లలో ఉత్తరాది వాళ్ళ నోట్లో పడి పార్బతి అయిపోయింది. కాళహస్తి వైపు పిల్ల, మొగుడు పోయాక అత్తింట్లో ఉండలేక ఓడెక్కింది. లైన్లు అంటే మీకు తెలీదేమో, పొడుగ్గా ఒక కొట్టం, లోపల పశువుల దొడ్డి మాదిరి చిన్న చిన్న గదులు. గదికీ గదికీ మధ్య ఉండే అడ్డం కప్పు దాకా పోదు. ఈ గదిలో దగ్గితే ఆ గదిలో వాళ్ళు నీళ్ళు తాగమంటారు. పార్బతిది నా పక్క గది. అందుకే నాకింత తెలుసు, నేనేం చెవి పెట్టి వినలేదు.

లైన్లలో ఆడోళ్ళు తక్కువ, మొగోళ్ళు ఎక్కువ. ఒంటరి ఆడది అంటే తేనెపట్టే. ఒకడు పీతలు తెచ్చేవాడు, ఒకడు దాలో దుంపలు తెచ్చేవాడు, ఒకడైతే ఎక్కడ సంపాదించాడో గొడుగు తెచ్చాడు. పార్బతి పీతలు కూర చేసి వాళ్ళకే పెట్టి పంపించేది. గొడుగు నాకిచ్చింది. ఎవరన్నా సంబంధం ఎత్తితే ఒకటే మాట. "సముద్రం మీద అన్నీ పోయినయి అక్కా. ఊరు పోయింది, పేరు కూడా సగం పోయింది. మా నాయన కుమ్మరి, నేను కుమ్మరి బిడ్డని. అదొక్కటే మిగిలింది. చేసుకుంటే కుమ్మరోణ్ణే చేసుకుంటా."

ఆ లైన్లన్నిటికీ ఉన్న కుమ్మరోడు ఒక్కడే. ఎవడో మీకు తెలుసు.

సుబ్బయ్యకి ఆ పిల్లంటే ప్రాణం. అబద్ధం ఆడింది గడ్డాల బాధ తప్పించుకునేదానికి, తీరా అది పెళ్ళికూతురి గుమ్మం ముందు తెచ్చి నిలబెట్టింది. వాడు వచ్చి అడిగాడు, ఆమె సరే అన్నట్టే అంది. అంతలో లైన్లలో అమ్మోరు పోసింది.

పెద్ద యుద్ధం మొదలైన ఏడు అది. ఒక గదిలో మొదలై కొట్టమంతా పాకింది. పిల్లలు, పెద్దలు ఒళ్ళంతా పొక్కులతో పడిపోయారు. పార్బతికి చిన్నప్పుడే పోసి పోయింది, చెంప మీద మచ్చలు కూడా ఉండాయి, కాబట్టి దానికి భయం లేదు. గది గదికీ తిరిగింది. తెలుగోళ్ళు, అరవోళ్ళు, ఉత్తరాదోళ్ళు, ఎవరనీ చూళ్ళేదు. ఒకటే గిన్నెతో గంజి, ఒకటే గుడ్డతో ఒళ్ళు తుడవడం. వేపాకు లేదని ఏదో చేదాకు కోసుకొచ్చి మంచాల్లో పరిచింది. నేను పడి లేచినాక ఎగతాళి చేశా, ఏమే, అందరికీ గంజి పోశావే, ఎవరి కులం ఏందో అడిగావా అని. జ్వరానికి కులమేంది అక్కా అంది. మరి మొగుడికి ఎందుకే అన్నా. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"మొగుడు జ్వరం కంటే ఎక్కువ కాలం ఉంటాడక్కా."

సుబ్బయ్యకీ పోసింది. వాడు బాగా తిప్పలు పడ్డాడు. ఒళ్ళు తెలీకుండా పడి ఉంటే నోట్లో చుక్క చుక్క గంజి పోసింది పార్బతే.

అందరూ లేచి తిరిగినాక, పోలేరమ్మకి మొక్కుకున్న జాతర చెయ్యాలని నారప్ప మామ పట్టుబట్టాడు. కులంబరు దగ్గిరికి పోయి అడిగాం. కులంబరంటే గుర్రమెక్కి తిరిగే తెల్ల ఓవర్సీరు. ఆయన చాలాసేపు గడ్డం గోక్కుని, ఆదివారం చేసుకోండని దయ చూపించాడు. ఆదివారం మాకెట్టాగూ సెలవే. మా సెలవే మాకిచ్చినందుకు వంగి వంగి దండాలు పెట్టి వచ్చాం.

జాతరకి అమ్మోరి బొమ్మ కావాల. మట్టిబొమ్మ. అది కుమ్మరోడి చేత్తోనే చెయ్యాల, ఇంకొకరు ముట్టుకుంటే పనికిరాదు. పూజైనాక సాగనంపేముందు ఆ కుమ్మరోడే కత్తితో అమ్మోరి చెంప నరికి, ఆ మట్టిని అందరికీ పంచాల. అది ఇంట్లో పెట్టుకుంటే మళ్ళీ రోగం గడప తొక్కదని మా వైపు నమ్మకం. ఇంత దూరం వచ్చినా మనకి దేవుడు ఒక కుమ్మరోణ్ణి ఇచ్చాడని నారప్ప మామ సుబ్బయ్య భుజం తట్టాడు. సుబ్బయ్య మొహం సున్నం కొట్టినట్టైంది. అమ్మోరు పోసినప్పుడు కూడా వాడి మొహం అంత పాడుగా లేదు.

మట్టి మంచిది కాదన్నాడు. ఉన్నదాంతోనే చెయ్యమన్నాడు మామ. నేనింకా చిన్నోణ్ణి అన్నాడు. మీ నాయన ఇక్కడ లేడు గదా అన్నాడు మామ. చేతులు వణకతా ఉండాయన్నాడు. అది భక్తి అన్నాడు మామ.

వాడి అసలు భయం బొమ్మ గురించి కాదు, పార్బతి గురించి. బొమ్మ చెడితే నారప్ప మామ తిడతాడు, తిట్లు వాడికి అలవాటే. కానీ వాడు కుమ్మరి కాదని తెలిస్తే ఆ పిల్ల మళ్ళీ మొహం చూడదు. ఆమేమో సంబరంగా వాడి వెంట పడింది. మా నాయన ఇట్టా చేసేవాడు, అట్టా చేసేవాడు అని చెప్పి, ఏ మట్టి తెస్తావు అనడిగింది. మంచి మట్టి అన్నాడు. బంకమట్టా, ఇసకమట్టా అంది. రెండూ అన్నాడు. పొట్టు కలుపుతావా, పేడ కలుపుతావా అంది. అమ్మోరు ఏది చెప్తే అది అన్నాడు. పార్బతి ఒక నిమిషం వాడివైపు చూసి, మా నాయనకి అమ్మోరు ఎప్పుడూ ఏమీ చెప్పలేదే అంటా వెళ్ళిపోయింది.

లైన్ల వెనకాల చెరుకాకుతో వాడొక తడిక కట్టుకున్నాడు. కళ్ళు పెట్టేదాకా అమ్మోరిని ఎవరూ చూడగూడదు, అందులోనూ కుమ్మరి ఆడోళ్ళు అసలు చూడగూడదు అని చాటించాడు. కుమ్మరి ఆడది అంటే ఎంతమంది, పార్బతి ఒకతే. అట్టాంటి కట్టుబాటు నేనెప్పుడూ వినలేదే అంది. మా వైపు ఆచారం అన్నాడు.

ఇక తడిక వెనకాల ఏం జరిగిందో కళ్ళతో చూసినోళ్ళు లేరు గానీ, చెవులతో విన్నోళ్ళం అందరం. మొదటి అమ్మోరు ధబ్బున కూలిపోయింది. రెండో అమ్మోరు నిలబడింది గానీ మెల్లగా పక్కకి ఒరగతా పోయింది, నిలబడు తల్లీ, నిలబడు తల్లీ అని వాడు బతిమాలుకోవడం వినిపించింది. తర్వాత ధబ్బు. తర్వాత వాడు అమ్మోరినే ఏదో ఒక మాట తిట్టడం, వెంటనే తప్పైందని లెంపలేసుకోవడం. చివరికి వెదురు బద్దలు నాటి, గోనె సంచుల్లో చెరుకు చెత్త కూరి కట్టి, గుడిసెకి గోడ మెత్తినట్టు పైన మట్టి మెత్తాడు. గుడిసెకి గోడ మెత్తడం ఎవడికైనా వచ్చు.

మొహం మాత్రం చేత్తో చేశాడు. దాంతో వాడికి ఏ కష్టం కాలేదంట. కళ్ళు మూసుకుని బొటనవేళ్ళు పెడితే దవడ ఎక్కడ తిరగతాదో, చెంప ఎక్కడ లోపలికి పోతాదో వేళ్ళకే తెలుసు.

ఆదివారం పొద్దున డప్పులు కొడతా తడిక తీశాం.

ముందు ఒళ్ళు కనపడింది. ఏం చెప్పను. బియ్యం బస్తాకి చీరె కట్టి నిలబెట్టినట్టు. ఒక భుజం పైకి, ఒక భుజం కిందికి, చెరుకు మోపు మోస్తా మధ్యలో ఆగినట్టు. నడుం లేదు. చేతుల్లో ఒకటి పొట్టి. ఎవరో నవ్వబోయి, మొహం వైపు చూసి ఆగిపోయారు.

మొహం పార్బతిది. తెగిన ఎడమ కనుబొమ్మ, చెంప మీద మచ్చలు, కోపం ఆపుకునేటప్పుడు కొరుక్కునే కింది పెదవి, అన్నీ ఉండాయి. ఇంకా ఏంటంటే, కిందికి వంగి చూస్తా ఉంది. మంచంలో పడుకున్నోణ్ణి చూసినట్టు.

అమ్మోరు అంటే మాకు తెలిసింది గుడ్లురిమి నాలిక బైట పెట్టే అమ్మోరు. చూడగానే దండం పెట్టి రెండడుగులు వెనక్కి వేస్తాం. దీన్ని చూస్తే మాత్రం దగ్గిరికి పోయి, తిన్నావా తల్లీ అని అడగబుద్ధి పుట్టింది. నా పక్కన నిలబడ్డ ముసలామె నిజంగానే అడిగింది కూడా.

నారప్ప మామకి మాత్రం ఒళ్ళు మండింది. అమ్మోరికి మనిషి మొహం పెడతావురా అని కేకలేశాడు. మరి ఎద్దు మొహం పెడతారా అని వెనకనుంచి ఎవడో అన్నాడు. మామ వాణ్ణి వదిలేసి సుబ్బయ్య మీదికే పోయాడు. ఇది మన పార్బతి మొహం గదరా, రేపు ఈ పిల్ల చెరుకు తోటలో గడ్డి పీకతా ఉంటే దండం పెట్టుకోవాల్నా అని నిలదీశాడు. సుబ్బయ్య తల ఎత్తలేదు. నేల వైపే చూస్తా చెప్పాడు.

"జ్వరంలో నేను కళ్ళు తెరిచినప్పుడు కనపడిన మొహం ఇదే మామా. అమ్మోరికి ఇంకోటి ఉంటే నాకు తెలీదు."

అక్కడ నిలబడ్డోళ్ళలో సగం మంది జ్వరంలో కళ్ళు తెరిచినప్పుడు చూసింది ఆ మొహమే. నారప్ప మామ కూడా. ఆయన కొబ్బరికాయ తీసుకుని కొట్టాడు.

పార్బతి మాత్రం సిగ్గుతో నా వెనకాల దాక్కుంది. దాక్కుని ఏం లాభం, ఎదురుగా అంత పెద్దది నిలబడి ఉంటే. నా చెవిలో మెల్లగా అంది, "అక్కా, ఈ ఒళ్ళు మా నాయన చూస్తే చేతులిరగ్గొట్టేవాడు." ఆ మాటలో కోపమో నవ్వో నాకు తెలీలేదు. మొహం గురించి ఏమీ అనలేదు.

ఆ రోజు జాతర నేను చూసిన జాతర్లలాంటిది కాదు. మొక్కులు చెప్పుకోడానికి వచ్చినోళ్ళు కష్టం సుఖం చెప్పుకుంటా నిలబడ్డారు. టాస్కు, అంటే రోజుకింతని కొలిచిచ్చే పని, పెద్దదిగా ఇస్తున్నారని ఒకామె, మొగుడు యాంగోనా వేరు పిండిన మత్తు నీళ్ళు తాగి పడుకుంటా ఉండాడని ఒకామె. అమ్మోరికి చెప్పి, అక్కడితో ఆగకుండా నా వెనకాల ఉన్న పార్బతికి కూడా ఒకసారి చెప్పి పోయారు, ఇద్దర్లో ఎవరికి అందినా చాలని. మా సర్దారు రామ్ ప్రసాద్ వచ్చాడు. ఉత్తరాది మనిషి, మమ్మల్ని పనికి తోలేది వాడే. పేరు పెట్టి మనిషిని పిలిచిన పాపాన పోలేదు, ఏయ్ అంటే ఎవరో ఒకరు తిరిగి చూడాల. పార్బతిని ఎన్ని తిట్లు తిట్టాడో లెక్క లేదు. దండం పెట్టడానికి వంగి, తలెత్తి మొహం చూసి, అక్కడే సగం వంగి ఉండిపోయాడు. లేస్తే దండం పెట్టనట్టు, ఉంటే పార్బతికి పెట్టినట్టు. నడుం పట్టేసినోడి మాదిరి కాసేపు అట్టాగే ఉండి పక్కకి జరిగాడు. మర్నాడు తోటలో పార్బతీ బహిన్ అని పిలిచాడు. ఎవర్ని పిలుస్తున్నాడో అని మేమంతా చుట్టూ చూశాం.

కులంబరు కూడా గుర్రం మీద వచ్చి చూశాడు. చాలాసేపు చూసి, టోపీ తీసి, ఆ మనిషి ఎప్పుడు చచ్చిపోయింది, నాకెందుకు చెప్పలేదు అని సర్దారుని అడిగాడు. చావలేదు దొరా, అదిగో నిలబడి ఉందని సర్దారు చూపించాడు. అయితే ఈ బొమ్మ ఎందుకు అన్నాడు. సర్దారుకి ఏం చెప్పాలో తెలీక, బాగా పని చేస్తాది దొరా అన్నాడు. కులంబరుకి అది అర్థమైంది. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పొద్దు వాలుతుండగా చెంప నరికే వేళైంది. నారప్ప మామ చెరుకు నరికే కత్తి పసుపు పూసి, బొట్టు పెట్టి సుబ్బయ్య చేతికిచ్చాడు. మోచెయ్యంత కత్తి. డప్పులు ఆగాయి. ఒక్క వేటు వెయ్యాల, చెంప ఊడి కింద పరిచిన గుడ్డలో పడాల.

సుబ్బయ్య కత్తి ఎత్తాడు. దించాడు. మళ్ళీ ఎత్తాడు. ఎత్తినప్పుడల్లా ఎదురుగా ఆ మొహం, కిందికి వంగి వాణ్ణే చూస్తా. వేటు వెయ్యడానికి వాడి చెయ్యి రాలేదు. నరుకురా అన్నాడు మామ. పొద్దు పోతా ఉందన్నాడు. అందరూ చూస్తా ఉండారు, పార్బతి చూస్తా ఉంది. వాడి బుర్ర పనిచెయ్యడం మానేసింది. బుర్ర మానేస్తే చేతులు వాటికి తెలిసిన పని అవి చేసుకుపోతాయి గదా.

కత్తిని ఎడమ అరచేతి మీద అటూ ఇటూ ఆడించాడు. బొటనవేలితో పదును చూశాడు. చెంబులో నీళ్ళు చేత్తో తీసుకుని అమ్మోరి చెంపకి రాసి, వేళ్ళతో మెత్తగా రుద్దాడు. రెండు వేళ్ళతో గడ్డం పట్టుకుని, ఒక అడుగు పక్కకి జరిగి, కాస్త వంగాడు. ఎప్పటి అలవాటో మరి, మెల్లగా అన్నాడు.

"కాస్త తల ఎత్తు సామీ. కదలమాక."

చెవి దగ్గిరనుంచి దవడ దాకా ఒకటే గీత. నెప్పి తెలీకుండా, అమ్మోరి మచ్చలకి కూడా తగలకుండా, పల్చటి పొర ఒకటి లేచి వచ్చింది. దాన్ని ముంజేతికి తుడుచుకుని, రెండో చెంప వైపు తిరిగాడు.

 అంతలో నారప్ప మామ గొంతు, అరవడం కాదు, గాలి పోయినట్టు వచ్చింది. "ఒరే. వీడు మంగలోడ్రా."

ఇక చూస్కోండి. తమ గడ్డాలు తడుముకున్న మొగోళ్ళు కొందరు, వాడి నున్నటి చెంపలు గుర్తొచ్చి నెత్తి కొట్టుకున్న వాళ్ళు కొందరు. అమ్మోరు పనికిరాకుండా పోయిందని, మొక్కు చెల్లలేదని, రోగం మళ్ళీ తిరిగొస్తాదని ఆడోళ్ళు గోల. వాణ్ణి వేరే తోటకి పంపించెయ్యమని సర్దారుతో చెప్తామని కొందరు. సుబ్బయ్య కత్తి పట్టుకుని, గడ్డం పట్టుకున్న చెయ్యి తియ్యకుండా, రాయి మాదిరి నిలబడ్డాడు. వాడు చూసింది ఒక్క పార్బతి వైపే. నారప్ప మామ కూడా ఆమె వైపే తిరిగాడు. నువ్వే చెప్పాల, కుమ్మరి బిడ్డవి నువ్వు, ఈ బొమ్మ చెల్లుతాదా చెల్లదా అన్నాడు. ఆయనకి పార్బతి పంతం తెలుసు. చెల్లదనే అంటాదని ఆయన ధైర్యం.

పార్బతి నా వెనకనుంచి బైటికొచ్చింది. బొమ్మ చుట్టూ తిరిగింది. భుజం తట్టింది, లోపల చెత్త గలగలమంది. పొట్టి చెయ్యి పట్టుకుని చూసింది, అది ఊడి చేతికొచ్చింది. దాన్ని మర్యాదగా నేల మీద పెట్టింది. ఇసక ఎక్కువైందంది. పేడ ఊసే లేదంది. నడుం యాడ పెట్టావయ్యా అని అడిగింది.  ఇట్టాంటి ఒళ్ళు మా ఇంట్లో గొడ్లకి కుడితి తొట్టి చేసినా ఒప్పుకోరంది. ఒక్కో మాటకి వాడు బెత్తెడు కుంగిపోతా వచ్చాడు, నాకే జాలేసింది.

తర్వాత ముందుకొచ్చి మొహం ముందు నిలబడింది. మొహానికి మొహం. అంతసేపు తన మొహం తను చూసుకునే అద్దం ఆ లైన్లలో ఎవరికీ లేదు. చూసి చూసి, కింది పెదవి కొరుక్కుని, వంగి సుబ్బయ్య ముంజేతి మీద ఉన్న ఆ మట్టి పొరని వేలితో తీసుకుని నొసట పెట్టుకుంది.

"చెల్లుతాది మామా. వచ్చే ఏడు ఒళ్ళు నేను చేస్తా. మొహం ఇతనే చెయ్యాల."

ఆడదానివి నువ్వు అమ్మోరిని చేస్తావా అన్నాడు మామ. మంగలోడు చేస్తే నిలబడింది గదా అంది.  మామ కూడా ముందుకొచ్చి సుబ్బయ్య చేతి మీద మిగిలిన మట్టి తీసుకున్నాడు. తీసుకుంటా, ఓడలో అడిగినప్పుడు చెప్పుంటే ఏం పోయిందిరా, ఈ గడ్డంతో ఇన్నాళ్ళు దురద పడి చచ్చా అని గొణిగాడు. అందరూ మట్టి కోసం ఎగబడ్డారు. పార్బతి మాత్రం కదల్లేదు.

"అబద్ధమాడావు. ఇంకా ఏమేం దాచావో ఇప్పుడే చెప్పు."

సుబ్బయ్య చాలా ఆలోచించాడు. సన్నాయి కూడా ఊదతానన్నాడు. ఇంకా అంది. మీ నాయన గురించి నువ్వు చెప్పినప్పుడల్లా తలూపా గానీ ఒక్క ముక్క అర్థం కాలేదన్నాడు. అది తెలుసంది. ఇంకా. ఇంకేం లేదన్నాడు. అప్పుడు ఆమె గొంతు తగ్గించి అడిగింది. లైన్లలో ఉన్న ప్రతి ఆడదానికీ ఉన్న భయమే అది. ఎంతమంది ఇక్కడ ఒక కాపురం, సముద్రం అవతల ఒక కాపురం పెట్టుకుని ఉన్నారో మాకందరికీ తెలుసు.

"ఊళ్ళో పెళ్ళాం ఉందా?"

"లేదు."

"ఒట్టేసి చెప్పు."

సుబ్బయ్య కత్తి కింద పెట్టాడు. తడి చెయ్యి పంచెకి తుడుచుకుని, అమ్మోరి తల మీద పెట్టబోయాడు. పార్బతి వాడి మణికట్టు పట్టుకుని ఆపింది.

"అక్కడ కాదు. ఇక్కడ."

కొంగు కాస్త వెనక్కి తీసి, తన తల ముందుకు వంచింది.